సంతరోజు తాళం

తానే నేరం చేశానని రుజువు చేసిపెట్టమని కృప కాళ్లు పట్టుకున్న మనిషి ఇంతవరకూ ధర్మయ్య ఒక్కడే.

పొద్దున్నే వనపర్తిలో ఆమె ఇంటి గడపలో కూర్చున్నాడు. ఇచ్చిన టీ చల్లారి మీగడ కట్టింది గానీ తాగలేదు. ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పాడు.

"తలుపు నేనేసిన తల్లీ. నా బిడ్డ కాదు. నేనేసిన అంటే ఒక్కడన్న నమ్ముతలేడు. జర నువ్వన్న రుజువు చెయ్యి."

కృప కూడా నమ్మలేదు. పోలీసు ఉద్యోగం మానేసి డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక ఆమెకు వచ్చేవి ఎక్కువగా పెళ్లి సంబంధాల ఎంక్వయిరీలే. పిల్లవాడు తాగుతాడా, ఇదివరకే ఎక్కడన్నా సంసారం ఉందా. బిడ్డల కోసం తండ్రులు ఎన్ని అబద్ధాలు ఆడతారో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. పైగా మోకాళ్ల నొప్పులకు ఈ వారమంతా ఇల్లు కదలనని భర్త ఇమ్మానుయేల్‌కు మాటిచ్చి ఉంది. అయినా చెప్పులు వేసుకుంది. ఎందుకు వేసుకుందంటే ఆమే చెప్పలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది. గద్వాలలో, శివశంకర్ సేటు విత్తనాల కంపెనీ ఆఫీసులో, ధర్మయ్య కూతురు సాయిశ్రీ ఎదుట కూర్చుని ఉంది కృప.

"ఇంకోసారి చెప్పు బిడ్డా. ఈసారి ఏడ్వకుండ చెప్పు. నువ్వు ఏడుస్తే నాకు సగం మాటలు వినిపిస్తలేవు."

సాయిశ్రీ ముక్కు తుడుచుకుంది. తన కుర్చీలోనే ఉంది గానీ కంప్యూటరును ముట్టనివ్వడం లేదు. దాని మీద ఒక పాత చీరముక్క కప్పి, చుట్టూ టేపు వేశారు. తలుపు దగ్గర మహిళా కానిస్టేబుల్ ఆవలిస్తూ నిలబడింది. ఆరింటికి ఎస్సై వస్తాడు. రాగానే ఈ పిల్లను హత్యానేరం మీద తీసుకుపోతాడు.

చచ్చిపోయినవాడు మల్లికార్జున్. పెబ్బేరులో ఇదే కంపెనీ గోదాముకు మేనేజర్. మొన్న, సంతరోజున, గోదాములోని పొగగదిలో శవమై దొరికాడు. విత్తనాల బస్తాలకు పురుగు పట్టకుండా విషపు గ్యాసు పెట్టే గది అది. గ్యాసు పెట్టాక పొరపాటున కూడా ఎవరూ తెరవకూడదని దాని తలుపుకు కంప్యూటరుతో పనిచేసే తాళం పెట్టించాడు సేటు. ఎవరు వేయమంటే పడ్డానో తాళమే రాసి పెట్టుకుంటుంది. సాయంత్రం ఆరూ నలభైకి 192.168.9.27 అనే అడ్రస్ నుంచి ఆజ్ఞ వచ్చిందని, పడ్డానని రాసుకుంది. ఆ అడ్రస్ సాయిశ్రీ కంప్యూటరుది.

"ఆ టైముకు నువ్వు యాడున్నవ్?"

"ఈడనే మేడం. మొలకల పరీక్ష రిజల్టులు ఎక్కిస్తున్న."

"ఇంకెవరుండిరి?"

"ఎవ్వరు లేరు."

"మంచిగుంది. తాళం రోజూ నువ్వే ఏస్తవా?"

"రోజూ నేనే. పెబ్బేరు నుంచి ఫోనొస్తే మీట నొక్కుత. తాళం పడితే స్క్రీన్ మీద పచ్చగొస్తది. సంతరోజు మాత్రం నాకు ఫోన్ రాదు మేడం. ఆ రోజు వాళ్లే చూసుకుంటరు."

"ఎందుకట్ల?"

"తెల్వదు. నేను చేరినప్పటిసంది గట్లనే."

"మల్లికార్జున్‌తోని లొల్లేంది?"

పిల్ల కళ్లు మళ్లీ నిండాయి. "నేను ఫెయిల్ అని పంపిన విత్తనాలు రైతుల కాడికి పాస్ అని పోతున్నయంట. నువ్వే మారుస్తున్నవని ఆఫీసు నడిమిట్ల నిలబెట్టి తిట్టిండు. నేనూ అరిసిన. అందరు విన్నరు. కానీ మొన్న పొద్దున ఆయనే ఫోన్ చేసి తప్పైంది బిడ్డా అన్నడు మేడం. మార్చేటోడు ఎవడో దొరికిండు, రేపొచ్చి చెప్త అన్నడు."

"ఆ రేపు రాలేదు," అన్నారు వెనక నుంచి.

అరవింద్. సేటు హైదరాబాదు నుంచి పిలిపించిన సైబర్ నిపుణుడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఇయర్‌ఫోన్లు. కానిస్టేబులుతో సహా గదిలో అందరికన్నా హాయిగా నిద్రపోయిన మొహం అతనిదే.

"మేడం, మీరు పెళ్లి ఎంక్వయిరీలు చేస్తారటగా. ఇది కొంచెం వేరే సబ్జెక్టు."

"అవును నాయినా. మా దాంట్ల ఒక్క ఇంటిపేరుతోని ఊరికి నలుగురుంటరు. అందుకని పేరు చూసి సంబంధం ఖాయం చెయ్యం, ఇంటికి పోయి చూసొస్తం. నువ్వు పెబ్బేరు పోయినవా?"

"ఎందుకు? తాళం రికార్డు ఇక్కడికే తెప్పించుకున్నా. ఒక నెట్‌వర్కులో ఒక అడ్రస్ ఒక్కరికే ఉంటుంది. ఇందులో పోయి చూడ్డానికేముంది?"

"తండ్రి నేనే చేసిన అంటుండు."

"ఏ తండ్రి అనడు?" అరవింద్ నవ్వలేదు, అతనికీ ఆ ముసలాయన మీద జాలిగానే ఉన్నట్టుంది. "నాకూ చెప్పాడు, ఎస్సైకీ చెప్పాడు. కానీ పెబ్బేరు మెషీన్లన్నీ అరవై అయిదు పైన నంబర్లు. ఇరవై ఏడు అక్కడ ఉండటానికే వీల్లేదు. గోపిని అడగండి. ప్లాన్ వేసింది అతనే."

గోపి కంపెనీకి నెట్‌వర్కు పనులు చేసే మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. వైర్లు కత్తిరించే కటింగ్ ప్లేయర్ జేబులోంచి తొంగిచూస్తోంది. గోడకున్న తెల్లబోర్డు దగ్గరికి వెళ్లి మార్కరు తీసుకున్నాడు.

"మూడు ఆఫీసులు మేడం. గద్వాల, పెబ్బేరు, బిజినేపల్లి. మొదట్ల దేనిది దానికే. మూడింటికి మూడు వేరే నంబర్లు పెడ్దామన్న. సేటు ఇననే ఇనలే. ఆయనకు తొమ్మిది కలిసొస్తదంట. కారు తొమ్మిది, ఫోన్ల చివర తొమ్మిది, పెండ్లి గూడ తొమ్మిదో తారీఖే. అందుకని మూడు ఆఫీసులకూ 192.168.9 అనే పెట్టిన. అదీ చాలలే. ఒక్కొక్క కంప్యూటర్ చివరి నంబరు గూడ కూడితే తొమ్మిదే రావాలన్నడు. తొమ్మిది, పద్దెనిమిది, ఇరవై ఏడు, ముప్పై ఆరు..."

"మూడు ఊర్లల్ల అవే నంబర్లా?"

"అప్పుడవే. ఒక ఊరికి ఇంకో ఊరికి సంబంధమే లేకుండె గదా. మీ వనపర్తిల ఇంటి నంబరు ఇరవై ఏడుంటే గద్వాలోళ్లకేంది?"

"తర్వాత?"

"పోయినేడు మూడింటిని కలపమన్నడు. తాళాలు, కెమెరాలు అన్నీ గద్వాలల కూసోని చూడాల్నంట. కలపాలంటే నంబర్లు కొట్లాడుకుంటయి. తొమ్మిదిని విడువమంటే విడువడు. ఏం చెయ్యాలె? ఉన్న ఒక్క తొమ్మిదినే నాలుగు వాటాలు చేసిన." బోర్డు మీద ఒక డబ్బా గీసి మూడు అడ్డగీతలు కొట్టాడు. "సున్నా నుంచి అరవై మూడు గద్వాల. అరవై నాలుగు నుంచి నూట ఇరవై ఏడు పెబ్బేరు. ఆ మీదిది బిజినేపల్లి. చివరిది ఖాళీ. వీటినే సబ్‌నెట్లు అంటం."

"అన్నదమ్ములు పాతింటికి అడ్డగోడలు పెట్టి పంచుకున్నట్టు."

"అంతే మేడం. వాటాకొక గుమ్మం, గుమ్మంల ఒక రూటర్. ఒక వాటా మాట ఇంకో వాటాకు పోవాలంటే రెండు రూటర్లు దాటాలె."

"తొమ్మిది రాకపోతే సేటు ఊకున్నడా?"

"పెబ్బేరుల డెబ్బై రెండు, ఎనభై ఒకటి, తొంభై ఇచ్చిన. కూడి చూసుకొని ఊకున్నడు. పొగగది తాళం డెబ్బై రెండు."

"పాత నంబర్లన్నీ మార్చినవా?"

గోపి మార్కరుకు మూత పెట్టాడు. ఆ మూత ఒకసారికి పట్టలేదు. "మార్చిన మేడం. రూటర్లల్ల అయితే అన్నీ మార్చిన."

వంట అయిందా అని అడిగితే అన్నం అయింది అని చెప్పే కోడళ్లను కృప చాలామందిని చూసింది.

"పా, పెబ్బేరు పోయొద్దాం," అని లేచింది. మోకాలు కలుక్కుమంది. సాయిశ్రీ తల మీద చెయ్యి వేసి, "నీళ్లు తాగు. ఆరింటిదాక టైముంది," అంది.

అరవింద్ వాచీ చూసుకున్నాడు. "నా రిపోర్టు రెడీగా ఉంది మేడం. ఎస్సై రాగానే ఇచ్చేస్తా. తర్వాత నన్ను అనొద్దు."

* * *

కృప గోపి బండి మీద వెనక కూర్చుంది. కృష్ణ దాటాక ఇమ్మానుయేల్ ఫోన్ చేశాడు.

"మోకాళ్ల గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

"డబ్బా ఈడనే టీవీ మీద ఉంది."

"అయితే ఏసుకోలే. పప్పుల ఉప్పు చూసి ఎయ్యి," అని పెట్టేసింది.

గోదాము గేటు దగ్గర వాచ్‌మన్ దశరథం ఎదురొచ్చాడు. పోలీసులు నిన్ననే చూసి పోయారని, గదిలో గ్యాసంతా వదిలించారని, లోపలికి పోయినా ఏం కాదని చెప్పాడు. చెప్పాడు గానీ తాను మాత్రం నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

పొగగది తలుపు ఇనుముది, అంచుల చుట్టూ లావుపాటి రబ్బరు. పైన ఎర్రబల్బు. కృప లోపలికి వెళ్లి తలుపు వెనక వైపు చూసింది. లోపలివాళ్లు తీసుకుని బయటపడటానికి ఉండాల్సిన పిడి లేదు. పిడి ఉండే చోట నాలుగు స్క్రూ మరల రంధ్రాలు. గదిలో ఏది ముట్టుకున్నా తెల్లని దుమ్ము వేలికి అంటుతోంది. ఆ రంధ్రాల్లో మాత్రం లేదు. లోపలి గాడులు కొత్త గిన్నె అంచులా మెరుస్తున్నాయి.

"ఈ పిడి ఎన్నడూడింది?"

"ఊడుడేంది మేడం? ఉండెగదా!" దశరథం తొంగిచూసి నోరు తెరిచాడు. "మొన్న పొద్దున నేనే బట్టతోని తుడిసిన. ఏసుప్రభువు మీద ఒట్టు."

కృప తలుపుకు చేతులు ఆనించి కాసేపు నిలబడింది. పిడి ఎవరో విప్పారు. మల్లికార్జున్ లోపల ఉండగా తలుపు పడాలని, పడ్డాక తెరుచుకోకూడదని ముందే అనుకున్నవాళ్లు విప్పారు. అంటే ఇది పొరపాటు కాదు. పొరపాటైతే ఎంత బాగుండేది అనిపించింది ఆమెకు.

గేటు పక్కనే కాటా గది. లారీలను తూకం వేసే చోటు. అక్కడ పనిచేసేది ధర్మయ్య. పొద్దున వనపర్తికి వచ్చి పోయి, మళ్లీ పనిలోకి దిగాడు. కృపను చూడగానే లేచి, తన కుర్చీని తువ్వాలుతో దులిపి ముందుకు తోశాడు.

బల్ల మీద ఒక ముసలి కంప్యూటరు. మూడు పసుపు బొట్లు, వాటి నడుమ కుంకుమ. దసరానాటి బంతిపూలు ఎండి తీగకు అంటుకుని ఉన్నాయి.

"అన్నా, మొన్న తాళం ఎట్లేసినవో నాకు చెప్పు. బిడ్డ ముచ్చట పక్కకు పెట్టు. చేసిన పని చెప్పు."

"చెప్పేదేముంది తల్లీ. సంతరోజు గద్వాల నుంచి తాళం పడదు. అందుకని నేనేస్త."

"ఎందుకు పడదు?"

"నెట్టుండదు గదా. సంతకొచ్చే గడ్డి ట్రాక్టర్లు ఇంతింత ఎత్తు నింపుకొస్తయి. గేటు ముందలికెల్లి పోతుంటే వైరు తగులుకొని తెగుతది. ప్రతి సంతకు తెగుతది."

గోపి తల ఊపాడు. "కేబులోళ్లకు ఫోన్ గూడ చెయ్యం మేడం. సంత ఎత్తిపోయినంక వాళ్లే నిచ్చెన తెచ్చుకొని అతికిచ్చిపోతరు."

కృప కుర్చీలో కూర్చోబోతున్నది ఆగింది.

"మొన్న గూడ తెగిందా?"

"తెగకపోతే కదా వింత," అన్నాడు ధర్మయ్య. "నాలుగింటికే తెగింది."

"మరి ఆరూ నలభైకి గద్వాల మాట ఈడిదాక ఏ తొవ్వల వచ్చింది?"

 గోపి ముఖం చూస్తుంటే పాలు పొంగి స్టవ్ మీద పోయాక గాని వాసన రాని మనిషిలా ఉన్నాడు.

"మొన్న నేను బిజినేపల్లిల ఉంటిని మేడం. ఆ అరవింద్ సార్ ఏం చెప్తె అదే..."

"రూటర్‌ను అడిగితే తెలుస్తదా? తొవ్వ ఎప్పుడు తెగిందో, ఎప్పుడు అతికిందో?"

"గద్వాల రూటర్ల తెలువది. ఆ సార్ వచ్చీరాంగనే దాన్ని బందుచేసి మళ్లేసిండు, దాని జ్ఞాపకం పోయింది. ఈడిది ఎవ్వరు ముట్టలే." గోపి మూలనున్న పెట్టె తెరిచి, తన ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించాడు.  "ఇగో. గద్వాలతోని లింకు మొన్న రాత్రి ఎనిమిది తర్వాతనే మళ్లొచ్చింది. అంతకుముందు నాలుగు గంటలు లేనే లేదు."

"మల్లికార్జున్ చచ్చిపోయినంక అతికింది తొవ్వ," అంది కృప నెమ్మదిగా. "అన్నా, మీట నొక్కినంక స్క్రీన్ మీద పచ్చగ వచ్చిందా?"

"నా మిషన్ల ఎన్నడొచ్చింది? జీతం పెంచమంటే సేటు పలకనట్టు, అది గూడ పలకదు. నేనే బయటికి పోయి ఎర్రబుగ్గ ఎలిగిందా లేదా చూసొస్త."

సాయిశ్రీకి రోజూ పచ్చగా వస్తుంది. ఇతనికి ఎన్నడూ రాదు. కృప గోపి వైపు తిరిగింది. గోపి అప్పటికే పసుపు బొట్ల కంప్యూటరు ముందు వంగి, దాని అడ్రస్ తెరిచి చూస్తున్నాడు. చూసి, స్క్రీన్‌ను ఆమె వైపు తిప్పాడు.

192.168.9.27.

"దీన్ని మార్చలే మేడం. పూజ చేసిన మిషను, ముట్టొద్దన్నడు సేటు. తూకానికి నెట్టెందుకులే అని నేనూ ఊకున్న. రూటర్ మారిస్తే చాలనుకున్న."

"అంటే వాటా మారింది, ఈయన ఇంటి పలక మార్చుకోలే."

"అంతే. ఇదీ పొగగది తాళమూ ఒక్క స్విచ్‌కే, వైర్లు కలిపే డబ్బాకే ఉన్నయి. ఒక్క ఇంట్ల ఉన్నట్టు. గుమ్మం దాటే పనిలేదు, మాట సీదా చేరుతది. తాళం పడుతది. కానీ జవాబు చెప్పాలనుకున్నప్పుడు, ఇరవై ఏడంటే గద్వాల వాటా గదా అని రూటర్‌కు ఇస్తది. ఆ జవాబు సాయిశ్రీకి పోవాలె. సంతరోజు అదీ పోదు."

ధర్మయ్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఆ లెక్కలేవీ అతనికి అక్కర్లేదు.

"అంటే నేనే గదా తల్లీ? రుజువైంది గదా?"

అతని మొహంలో వెలుగు చూసి కృప కిటికీ వైపు తిరిగింది. ముప్పై ఏళ్లలో ఎంతోమంది మీద నేరం రుజువు చేసింది. ఒక్కడూ ఇలా నవ్వలేదు.

* * *

బయట కారు ఆగిన చప్పుడైంది. శివశంకర్ సేటు తెల్లకారు. కృప ఇటు వచ్చిందని తెలిసి ఆయనే నడుపుకుంటూ వచ్చాడు. పక్క సీట్లోంచి అరవింద్ దిగాడు. యాభై దాటిన సేటు మనిషి మెత్తగా ఉంటాడు. ఎవరితోనూ గొంతు పెంచడు. కాటా గదిలోకి వస్తూనే ధర్మయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"పాపం, నిన్ను గూడ పరేషాన్ చేస్తుండ్రా?"

కృప చెప్పిందంతా అరవింద్ చేతులు కట్టుకుని విన్నాడు. విన్నాక తల అడ్డంగా ఊపాడు.

"కుదరదు మేడం. పెబ్బేరు రూటర్‌లో లోపలి వైపు నుంచి ఇరవై ఏడు పేరుతో ఏదొచ్చినా ఆపేసేలా రూల్ ఉంది. నేనే చూశా."

"రూటర్ గుమ్మంల కావలోడు నాయినా. గుమ్మం దాటేటోళ్లను ఆపుతడు. ఇంట్లనే అత్త కోడలిని తిడితే కావలోడు ఏం చేస్తడు?"

"థియరీ బాగుంది."

"థియరీ ఎందుకు? చేసి చూపిస్తం. గోపీ, బయటికి పోయే వైరు గుంజు. సార్, మీ ల్యాప్‌టాప్ ఈడి వైఫైకి తగిలించి తాళం రికార్డు మీరే తెరువుండ్రి. నేను ముట్ట."

గోపి గద్వాలకు పోయే వైరు పీకేశాడు. రూటరు మీద ఒక దీపం ఆరిపోయింది. ధర్మయ్య కుర్చీలో కూర్చుని, అలవాటుగా కంప్యూటరుకు దండం పెట్టుకుని, మీట నొక్కాడు. ఆవరణకు అటువైపు నుంచి ఇనుము పడ్డ చప్పుడు ధన్‌మని వినిపించింది.

స్క్రీన్ మీద పచ్చరంగు రాలేదు. ధర్మయ్య లేచి, కిటికీలోంచి మెడ చాచి, "ఎర్రబుగ్గ ఎలిగింది," అన్నాడు.

అరవింద్ ల్యాప్‌టాప్‌లో తాళం కొత్త వరుస రాసుకుంది. దాని చివర 192.168.9.27 అని ఉంది. అతను దాన్ని రెండుసార్లు చదివాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"గద్వాల రూటర్ రీస్టార్ట్ చేయకుండా ఉండాల్సింది," అన్నాడు తనలో తాను. తర్వాత ఫోన్ తీసి, అందరి ముందే ఎస్సైకి చేశాడు. "సార్, అరవింద్‌ని. నా రిపోర్టు తప్పు. ఆ అమ్మాయి కాదు. అవును సార్, తప్పు నాదే. ఇంటికి పంపించేయండి."

అలా చెప్పగలిగిన మగవాళ్లను కృప తక్కువమందినే చూసింది. పొద్దుటి నుంచి అతని మీద దాచుకున్న కోపంలో సగం అక్కడే కరిగిపోయింది.

ధర్మయ్య నేల మీద చతికిలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కృప అతని పక్కన కూర్చోలేక, వంగి అడిగింది.

"అన్నా, ఒక్క మాట. గదిల మనిషున్నడని నీకు తెల్సా?"

"అయ్యో, తెలిస్తే ఏస్తనా తల్లీ? నాకు ఫోనొచ్చింది. తాళమెయ్ అన్నరు, ఏసిన."

"ఎవరు చేసిండ్రు?"

"మల్లికార్జున్ సార్ ఫోనే. పేరు పడ్డది." తువ్వాలు కిందికి దించాడు. "గొంతు మాత్రం సార్‌ది లెక్క లేకుండె. బయట సంత గోల, నాకు సక్కగ వినపడలే. కానీ ఆ గొంతు నాకు తెలిసిందే తల్లీ. యాడనో బాగ విన్న గొంతే. మళ్లొక్కపారి ఫోన్ల వింటే చెప్త."

 ముందుగా కదిలింది సేటే.

"ఇవన్ని ఎస్సై ముందల చెప్పాల్సిన ముచ్చట్లు ధర్మయ్యా," అన్నాడు మెత్తగా. "ఈడ చెప్తె ఏం లాభం? పా, నేను గద్వాలకే పోతున్న. నిన్ను స్టేషన్ల దింపి, నీ బిడ్డను నేనే ఇంటికి తోలిస్త. అరవింద్, నువ్వు ఇయన్ని రాసుకొని నిమ్మళంగ రా."

ధర్మయ్య లేచాడు. సేటు కారులో, సేటు పక్కన కూర్చుని బిడ్డ దగ్గరికి పోతున్నాడు. గడపలో చెప్పులు వేసుకుంటూ కృపకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

కృప కుర్చీలో కూలబడింది. మోకాళ్లు పీకుతున్నాయి. ఇంటికి పోయి, ఎవరో ఒకరు వడ్డిస్తే ఇంత తిని పడుకోవాలని ఉంది. కానీ విప్పేసిన ఆ నాలుగు మరలు కళ్ల ముందునుంచి పోవడం లేదు. పిడి విప్పి గ్యాసు పెట్టినవాడే ఫోన్ చేశాడు. మల్లికార్జున్ గదిలో చస్తుంటే అతని ఫోన్ బయట వాడి చేతిలో ఉంది.

"అరవింద్, ఆ ఫోన్ దొరికిందా?"

"లేదు మేడం. ఆ రాత్రి నుంచే నంబర్ పనిచేయట్లేదు. సిమ్ తీసి పారేసి ఉంటారు."

"సిమ్ తీసేస్తే ఫోన్ చచ్చిపోతదా?"

"చచ్చిపోదు. ఫోన్ ఫోనే. పాత వైఫై కనిపిస్తే దానంతట అదే..." అరవింద్ మాట మధ్యలో ఆపి గోపి వైపు చూశాడు.

గోపి అప్పటికే రూటరులో, వైఫైకి తగులుకుని ఉన్నవాటి పట్టీ తెరుస్తున్నాడు. నాలుగు వరుసలున్నాయి. వేలితో ఒక్కొక్కటే చదివాడు. "ఇది నాది. ఇది దశరథం అన్నది. ఇది మీ ల్యాప్‌టాప్ సార్." నాలుగో దాని దగ్గర వేలు ఆగింది.

మల్లికార్జున్ ఫోన్ అని ఉంది అక్కడ.

"పాత ముచ్చటేమో," అంది కృప. 

"కాదు మేడం. ఇప్పుడు. ఈ ఆవరణలనే ఉన్నది. వచ్చి పావుగంట గూడ కాలే."

పావుగంట కింద గేట్లోకి వచ్చింది ఒక్కటే. అరవింద్ గోడకు ఆనుకున్నాడు. "నేను ఆ కార్లోనే వచ్చా," అన్నాడు. "డాష్‌బోర్డు పెట్టెలో ఏదో సన్నగా మోగింది మేడం. ఎవరిది సార్ అనడిగితే పాత ఫోన్ అన్నాడు."

కృప కిటికీ దగ్గరికి పరుగెత్తింది. మోకాలు మడత పడి బల్ల అంచు పట్టుకుంది. తెల్లకారు గేటు దాటుతోంది. ముందు సీట్లో ధర్మయ్య మెడ పక్కకు తిప్పి సేటు చెప్పేది శ్రద్ధగా వింటున్నాడు. ఆ గొంతునే, అంత దగ్గరగా.

"దశరథం, గేటు! గేటెయ్!" అని అరిచింది. దశరథం ఏం వినపడిందో ఏమో, సేటు బండికి సలాము కొట్టాడు. కారు గద్వాల వైపు తిరగలేదు. ఎడమకు, పెద్ద రోడ్డు వైపు తిరిగింది.

వెనక గోపి గొంతు సన్నగా వినిపించింది.

"మేడం, ఫోన్ పోయింది. మూడే ఉన్నయి."